పెళ్లి కాకుండా కలిసున్నవాళ్లు విడిపోతే బ్రిటన్ వీసా ఏమవుతుంది?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో బ్రిటిష్ పౌరుడైన అబ్బాయితో పెళ్లి లేకుండానే కలిసి ఉండేది. పార్ట్‌నర్ వీసా మీద ఉద్యోగం చేస్తోంది. పోయిన నెల విడిపోయారు. వీసా ఇంకా 16 నెలలుంది. రద్దు చేయిస్తానని అతను బెదిరిస్తున్నాడు. పిల్లను వచ్చేయమనాలా? ఇక్కడొక ఏజెంటు ఉద్యోగ వీసాకు కావాల్సిన స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తానని లక్షలు అడుగుతున్నాడు.

జవాబు: తొందరపడి రమ్మనకండి. విడిపోయినంత మాత్రాన వీసా ఆ రోజే పోదు. దాన్ని రద్దు చేసే అధికారం వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుదే, అతనిది కాదు. రద్దు చేసినా మామూలుగా 60 రోజుల గడువిస్తారు. అయితే విడిపోయిన సంగతి హోం ఆఫీసుకు తెలపాల్సిందే. దాచితే తర్వాతి దరఖాస్తుకు అదే అడ్డుపడుతుంది. అక్కడి ఇమ్మిగ్రేషన్ సొలిసిటర్‌తో (వీసా కేసులు చూసే లాయరుతో) ఈ వారంలోనే మాట్లాడి, విడిపోయిన తేదీ వేసి, తనే రాయడం మేలు.

అసలు ప్రశ్న ఆ బెదిరింపు గురించి. కొట్టడమే కాదు, జీతం లాక్కోవడం, వీసా పేరు చెప్పి అదుపులో పెట్టడం కూడా అక్కడి చట్టంలో గృహహింసే. బంధం అందువల్లే తెగిపోయి ఉంటే, పెళ్లి కాకపోయినా నేరుగా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయొచ్చు. మెసేజీలు చెరపొద్దనండి. పోలీసు రిపోర్టు, డాక్టరు లేఖ, సహాయ సంస్థ ఉత్తరం ఉంటే బలం. చేతిలో పైసా లేనివాళ్లకు ఫీజు మినహాయింపుంది, మూడు నెలల తాత్కాలిక అనుమతీ ఇస్తారు. కానీ అది వస్తే పాత వీసా పోతుంది. మీ అమ్మాయికి జీతం వస్తోంది కాబట్టి ఆలోచించకుండా దాని జోలికి పోకూడదు. 2024 జనవరి 31 నుంచి, భాగస్వామి హింసించి స్వదేశంలో వదిలేసి వెళ్లిపోతే, బాధితులు ఇక్కడి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

హింస లేకపోతే స్కిల్డ్ వర్కర్ వీసాకు, అంటే ఉద్యోగం ఆధారంగా ఇచ్చే వీసాకు, అక్కడే మారొచ్చు. కంపెనీకి విదేశీయులను పెట్టుకునే స్పాన్సర్ లైసెన్సు ఉండాలి, ఉద్యోగం చాలావరకు డిగ్రీ స్థాయిది కావాలి. 2025 జూలై 22 నుంచి జీతం సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్లకు తగ్గకూడదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన యువతకు కొంత తగ్గింపుంది. పార్ట్‌నర్ వీసా మీద గడిపిన కాలం ఈ దారిలో శాశ్వత నివాసం లెక్కలోకి రాదు. బ్రిటిష్ పౌరసత్వమున్న బిడ్డ ఉంటే తల్లిగా మరో దారి ఉంది.

ఏ దారైనా వీసా గడువు తీరకముందే దరఖాస్తు పడేలా చూసుకోవడం మేలు. అలా పడితే నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులు, ఉద్యోగంతో సహా, కొనసాగుతాయి. ఆలోగా బ్రహ్మోత్సవాలకనో, ఇంట్లో పెళ్లికనో తిరుపతికి వస్తే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

ఏజెంటుకు రూపాయి కూడా కట్టొద్దు. స్పాన్సర్‌షిప్ అనేది ఉద్యోగమిచ్చే కంపెనీయే ఇస్తుంది, దాని ఫీజు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. కంపెనీ పేరు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులోని లైసెన్సుదారుల జాబితాలో ఉందో లేదో మీరే వెతికి చూసుకోవచ్చు.