ఆకుపచ్చ గీత వెంట చిట్లిన ఫారసీ పుట

మీ దగ్గరున్న, ఫారసీ కవి నిజామీ పద్యాల పుటలో బొమ్మ బాగానే ఉందనీ, చుట్టూ ఉన్న ఆకుపచ్చ గీత వెంట మాత్రం కాగితం బ్లేడుతో కోసినట్టు చిట్లిందనీ రాశారు. అది పురుగు పని కాదండీ. ముందు పుటని మెల్లగా వెనక్కి తిప్పి చూడండి. సరిగ్గా గీత ఉన్నచోటే గోధుమరంగు మరక కనిపిస్తే, అది రాగి చిలుము చేసిన నిర్వాకం. ఆ చిలుముతో చేసిన ఆకుపచ్చ రంగుని ఇరాన్ చిత్రకారులు జంగార్ అనేవారు. కాగితాన్ని తినేస్తుందని వాళ్లకీ తెలుసు, అందుకే కొందరు అందులో కుంకుమపువ్వు కలిపేవారు.

మరక లేకపోతే సంగతి వేరు. పద్యాలున్న ముక్క, అంచు కాగితం చాలాసార్లు వేర్వేరు. అతుకు కనబడకుండా దానిమీద బంగారు గీతలు, రంగు గీతలు గీసేవారు. ఆ జిగురు ఊడి ఉంటుంది, అంత టెన్షన్ అక్కర్లేదు.

ఏదైనా సరే, సెల్లోటేప్, లామినేషన్ జోలికి పోకండి. తడిబట్ట అసలే వద్దు, తేమ తగిలితే చిలుము ఇంకా పాకుతుంది. యాసిడ్ లేని రెండు అట్టల మధ్య పెట్టి, పాత కాగితాలు బాగుచేసేవాళ్లకి చూపించండి. నాకైతే మీ ఫొటోలో బొమ్మకంటే ఆ గీతలే ముద్దొచ్చాయి, వెంట్రుకంత సన్నగా ఎలా గీశారో!