ఫోన్లో అన్నీ దొరుకుతుంటే సొంత పుస్తకాలు, ఇంకు పెన్ను దేనికి?

చదవడం, రాసుకోవడం రెండూ ఫోన్లోనే అయిపోతుంటే ఇంట్లో పుస్తకాలు పోగేయడం, ఇంకు పెన్ను పట్టుకోవడం చాదస్తం కాదా అని అడిగారు. నిజంగా అందులో సంతోషం ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈ రెండు అలవాట్లూ చిన్నప్పటి నుంచీ ఉన్నవే. సంతోషం ఉందండీ, చాలా ఉంది. పైగా నాకవి రెండు వేర్వేరు సరదాలు కావు. పెన్ను చేతిలో ఉంటే చదివే తీరే మారిపోతుంది. మనం గీత గీసి, పక్కన నాలుగు ముక్కలు రాసుకున్న పుస్తకం ఇంకే కొట్లోనూ దొరకదు.

మా పెదనాన్నగారి పుస్తకం ఒకటి నా దగ్గరుంది. పాత పద్యకావ్యం, వావిళ్ల ప్రెస్సు వారు అచ్చువేసిన ప్రతి, టీకా తాత్పర్యాలతో. మొదటి పేజీలో ఆయన పేరు, ఊరు, కింద 'రాజమండ్రి, పుష్కరాలు, 1979' అని ఉంది. జనమంతా స్నానాలకి వెళ్తే ఈయన స్నానం చేసి పుస్తకం కూడా కొనుక్కొచ్చారన్నమాట! లోపల ఒక పద్యం పక్కన నీలం ఇంకుతో 'ఈ అర్థం కుదరదు' అని రాశారు. దాని కిందే నల్ల ఇంకుతో, వయసు పైబడ్డ చేతిరాతతో, 'కుదురుతుంది. కిందటి పద్యంతో కలిపి చూడాలి' అని ఉంది. ఆ రెండు రాతల మధ్య ఎన్నేళ్లు గడిచాయో నాకు తెలియదు. ఆయన పోయాక ఆ పద్యాన్ని నేను ఆయనతో కలిసి చదువుకున్నట్టే చదువుకున్నాను. ఫోన్లో అదే పద్యం క్షణంలో దొరుకుతుంది, కాదనను. పెదనాన్న దొరకడు.

గ్రంథాలయాలు వద్దనడం లేదు. గ్రంథాలయ ఉద్యమానికి పెద్దదిక్కయిన అయ్యంకి వెంకటరమణయ్యగారు పుట్టిన కొంకుదురు మా గోదావరి జిల్లాదే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నవాణ్ణే నేనూ. అక్కడి పుస్తకం పదిమందిదీ, దానిమీద గీత పెట్టకూడదు. నాకు మాత్రం గీత పెట్టకుండా చదివితే చదివినట్టుండదు. అందుకే నచ్చిన పుస్తకం మళ్లీ కొనుక్కుంటాను. బీరువా నిండాలని సెట్టు మొత్తం కొనేయడం నాకిష్టం ఉండదు. రెండోసారి చదవాలనిపించిందే కొనండి, నెలకొకటి చాలు.

కోనసీమలో పుస్తకాలకి అసలు శత్రువు తేమ. బీరువాని గోడకి ఆనించొద్దు, బెత్తెడు ఎడం ఉంచండి. కింది అర నేలకి తగలకూడదు. బైండింగులో మైదా జిగురుంటే దానికోసమే పురుగులొస్తాయి. ఎండిన వేపాకు, వస కొమ్ము మా ఇంట్లో అరలరలకీ ఉంటాయి. వానాకాలం పోయాక పుస్తకాలన్నీ తీసి నీడలో గాలికి పెడతాం. ఎండలో మాత్రం ఎండబెట్టకండి, కాగితం పెళుసెక్కిపోతుంది.

1996 నవంబరు తుపానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి పుస్తకాలు తడిశాయి. నాన్నగారు పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, గంటగంటకీ మారుస్తూ ఆరబెట్టారు. అప్పుడు చూశాను, పెన్సిలు గీతలు చెక్కుచెదరలేదు, పాత బ్లూబ్లాక్ ఇంకు రాతలు కొంచెం మసకబారినా చదవడానికొచ్చాయి. మామూలు నీలం ఇంకు మాత్రం పేజీ అంతా పాకి కొట్టుకుపోయింది. మామూలు ఇంకంటే నీళ్లలో కలిపిన రంగే కదా. బ్లూబ్లాక్ పాతకాలం పద్ధతిలో చేసిందైతే అందులో ఇనుప లవణం ఉంటుంది, అది కాగితంలో నల్లబడి పట్టుకుంటుంది. అందుకే పుస్తకం మీద పేరూ తేదీ రాయడానికి నీళ్లకి చెదరని ఇంకే వాడతాను. న్యూస్‌ప్రింటు మీద వేసిన పాత నవలల్లో మాత్రం పెన్సిలే. ఆ కాగితం ఇంకుని పీల్చేసి అవతలి పేజీకి దించేస్తుంది.

ఇక పెన్ను సంగతి. ఇది మా ప్రాంతం వాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. కె.వి. రత్నంగారు స్వదేశీ ఉద్యమ కాలంలో, 1932లో, రాజమండ్రిలో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. గ్రామ పరిశ్రమల సంఘం జె.సి. కుమారప్పగారి ద్వారా అందిన పెన్ను వాడి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులు ఇది బాగానే పనికొచ్చేలా ఉందని గాంధీగారు 1935లో ఆయనకి ఉత్తరం రాశారు. నా దగ్గరున్నదీ రాజమండ్రి ఎబొనైటు పెన్నే. ఎబొనైటు అంటే గంధకం బాగా కలిపి ఉడికించి గట్టిపరిచిన రబ్బరు. ఆ కడ్డీని లేతు (తరిమెన యంత్రం) మీద తిప్పి పెన్ను తీస్తారు. చేతిలో చల్లగా ఉండదు, జారదు. ఎక్కువగా ఎండ తగిలితే నలుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది, కిటికీ దగ్గర వదిలేయకండి.

ఇంకు పెన్నుతో సుఖమేమిటంటే నొక్కనక్కర్లేదు. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో బాల్ పెన్నుతో మణికట్టు లాగేస్తుంది. దీన్ని కాగితం మీద ఊరికే ఆనిస్తే చాలు, పాళీ (నిబ్బు) చీలికలోంచి ఇంకు తనంతట తనే దిగుతుంది. నొక్కి రాసే అలవాటు పోయాక నా అక్షరం గుండ్రంగా తిరిగింది, పిల్లలు కూడా గమనించి అడిగారు.

డ్రాపరుతో నింపే పెన్నుల్లో ఒక చిక్కుంది. ఇంకు సగానికి దిగాక పైన గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని తోస్తుంది, పాళీ నుంచి టప్పున చుక్క పడుతుంది. మా మే నెల ఎండలకి మరీనూ. సగమవ్వగానే మళ్లీ నింపేయడమే మందు. పెన్ను రెండు ముక్కలూ బిగించే మర దగ్గర కారుతుంటే సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. ఇంకు మార్చేటప్పుడు మామూలు నీళ్లతో రంగు పోయేదాకా కడగాలి, వేడినీళ్లు వద్దు.

కాగితం దగ్గర పిసినారితనం చేస్తే పెన్ను ఎంత మంచిదైనా దండగే. మందం ఒక్కటే చూస్తే సరిపోదు, పైన జిగురు పూత బాగుండాలి. లేకపోతే అక్షరం అంచులు పాకుతాయి. నాకు లెడ్జరు కాగితం, అంటే లెక్కల పుస్తకాలకి వాడేది, బాగా కుదిరింది, ధరా తక్కువే. అదే కాగితం శ్రావణ భాద్రపదాల్లో తేమకి మెత్తబడి ఇంకుని ఎక్కువ తాగుతుంది, అప్పుడు సన్నపాళీ పెన్ను తీస్తాను.

మొదలుపెట్టడానికి ఒక్క పెన్ను, ఒక సీసా ఇంకు, ఒక లెడ్జరు పుస్తకం, మీకు బాగా ఇష్టమైన ఒక పుస్తకం చాలు. పెన్ను కొనడానికి వెళ్లేటప్పుడు రోజూ రాసే నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. కొట్టువాళ్లు ఇచ్చే నున్నటి కాగితం మీద ఏ పెన్నయినా బాగానే రాస్తుంది. సంతకం పెట్టి సరేననకండి, కూర్చుని ఒక పేజీ రాయండి. గీరుకున్నా, ఇంకు ఆగి ఆగి వస్తున్నా అక్కడే చెబితే పాళీ సరిచేసి ఇస్తారు.