కారు కిందికి దించాలనుకుంటే: స్ప్రింగులా, కాయిల్‌ఓవర్లా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఉద్యోగం విజయవాడలో, రోజూ కార్లోనే వెళ్లొస్తాను. జీతం చేతికి 62 వేలు వస్తుంది. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ కొన్నాను. ఇప్పటికి 68 వేల కిలోమీటర్లు తిరిగింది. షాక్ అబ్జార్బర్లు కారుతో వచ్చినవే. కారును కాస్త కిందికి దించి, మలుపుల్లో ఊగకుండా చేయించాలని ఎప్పటినుంచో కోరిక. కారును దించే పొట్టి స్ప్రింగులు, అంటే లోయరింగ్ స్ప్రింగులైతే 27 వేలు, బిగింపు, అలైన్‌మెంట్‌తో కలిపి 32 వేలు అన్నారు. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి వచ్చి, ఎత్తు మార్చుకునే వీలుండే కాయిల్‌ఓవర్లయితే 98 వేలు, అన్నీ కలిపి 1,06,000. దసరాకు 60 వేలు బోనస్ వస్తుంది. మిగిలిన 46 వేలు క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టి, ఏడాదిపాటు నెలకు 8 వేల సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) ఆపేసి కాయిల్‌ఓవర్లే వేయిద్దామనుకుంటున్నా. మా బావేమో ఉన్న స్ప్రింగులనే చుట్టున్నర కోయిస్తే రెండు వేలతో పని అయిపోతుందంటున్నాడు. ఇంటి ఖర్చులు, కారు ఈఎంఐ కలిపి నెలకు 45 వేలు. అత్యవసరానికి 80 వేలు పక్కన పెట్టాను. అమ్మానాన్న మాతోనే ఉంటారు, నాన్నకు నడుం నొప్పి. ఏది చేయమంటారు?

జవాబు: ముందుగా మీ బావగారి సలహా పక్కన పెట్టేయండి. కోసిన స్ప్రింగు పొడవు తగ్గుతుంది కానీ, షాక్ అబ్జార్బర్ మాత్రం పాత పొడవులోనే ఉంటుంది. చక్రం గోతిలోకి జారినప్పుడు స్ప్రింగు తన సీటులోంచి వదులై పక్కకు తప్పుకొనే ప్రమాదం ఉంది. ఇక గ్యాస్‌తో వేడి చేసి దించితే ఉక్కుకు ఉన్న బిగువే పోతుంది. ఆ తర్వాత అది ఎప్పుడు కుంగుతుందో, ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆటోనగర్‌లో రెండు వేలకు చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు. అమ్మానాన్నను ఎక్కించుకుని నేషనల్ హైవే మీద తిరిగే కారుకు ఈ పని చేయించవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక అసలు ప్రశ్న. మీరు 32 వేలను 1,06,000తో పోలుస్తున్నారు. ఆ పోలికలోనే లెక్క తప్పింది. కాయిల్‌ఓవర్ ధరలో స్ప్రింగుతో పాటు కొత్త షాక్ అబ్జార్బర్ కూడా ఉంది. లోయరింగ్ స్ప్రింగుల ధరలో అది లేదు. మీ కారుకు ఉన్నవి కంపెనీ నుంచి వచ్చిన పాత షాకులు, 68 వేల కిలోమీటర్లు మన రోడ్ల మీద దెబ్బలు తిన్నవి. మలుపుల్లో కారు ఊగుతోందని మీరే రాశారు. అది కారు ఎత్తు వల్ల కాకపోవచ్చు, షాకులు అలసిపోవడం వల్ల కావచ్చు. ఒకసారి మెకానిక్ చేత చూపించండి. షాకు ఒంటి మీద నూనె తడి ఉందా, స్పీడ్ బ్రేకర్ దాటాక కారు ఒకటికి రెండుసార్లు ఎగిరి గానీ కుదురుకోవడం లేదా, టైరు అంచులు అక్కడక్కడా గుంటలు పడి అరిగాయా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

అలసిన షాకుల మీద పొట్టిగా, గట్టిగా ఉండే కొత్త స్ప్రింగులు పెడితే ఏమవుతుంది? గట్టి స్ప్రింగు వెనక్కి కొట్టే బలం ఎక్కువ. ఆ బలాన్ని అణచాల్సింది షాకే. పైగా కారు దిగాక షాకు రాడ్డు ఎప్పుడూ కొంత లోపలికే నొక్కి ఉంటుంది, అది కదలడానికి మిగిలే చోటు తగ్గిపోతుంది. పెద్ద గుంత వస్తే నేరుగా బంప్ స్టాపర్ (షాకు చివర దెబ్బ ఆపే దిమ్మ) మీద కొట్టుకుంటుంది. ఆరు నెలలకో ఏడాదికో షాకులు చేతులెత్తేస్తాయి. అప్పుడు మళ్లీ స్ట్రట్‌లు (ముందు చక్రాల దగ్గర స్ప్రింగు, షాకు కలిసి ఉండే భాగాలు) దింపాలి, మళ్లీ లేబర్, మళ్లీ అలైన్‌మెంట్. ఈ పనిలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

అందుకని సరైన లెక్క ఇలా వేద్దాం. స్ప్రింగులు 27 వేలు. కిందికి దించిన కారుకు సరిపడే మంచి రకం షాకులు నాలుగు 30 వేలు అనుకుందాం. షాకును కారు బాడీకి పట్టి ఉంచే పై మౌంటింగులు, బేరింగులు, బంప్ స్టాపర్లు, డస్ట్ కవర్లు 8 వేలు. బిగింపు, అలైన్‌మెంట్ 5 వేలు. మొత్తం 70 వేలు. కాయిల్‌ఓవర్లకు వస్తే, పోలో లాంటి కార్లకు చాలా కిట్‌లలో ముందు చక్రాల పై మౌంటింగులు పాతవే వాడుకోవాల్సి వస్తుంది. అవి కూడా కొత్తవి వేయించాలి గనక మరో 5 వేలు కలపండి, 1,11,000 అవుతుంది. మీరు అనుకున్న తేడా 74 వేలు, నిజమైన తేడా 41 వేలు. విడిభాగాల ధరలు నేను వేసుకున్న ఉజ్జాయింపులే, మీరు అడిగిన చోట రెండు మూడు వేలు అటూ ఇటూ ఉంటాయి.

ఇప్పుడు ఆ 41 వేలకు మీకు వచ్చేది ఏమిటో చూడాలి. కాయిల్‌ఓవర్ ఒంటికి మరలు ఉంటాయి. రింగు తిప్పితే కారు ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. కొంచెం మంచి రకాల్లో షాకు ఎంత బిగుతుగా పనిచేయాలో కూడా నాబ్ తిప్పి మార్చుకోవచ్చు. చౌక రకాల్లో ఎత్తు తగ్గించడమంటే స్ప్రింగు కూర్చునే రింగును కిందికి దించడమే, దాంతో షాకుకు కదిలే చోటు తగ్గుతుంది. మంచి రకాల్లో కింది బ్రాకెట్ విడిగా తిరుగుతుంది, షాకు ప్రయాణం అలాగే ఉంటుంది. 98 వేలు చెప్పినవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఇంకో సంగతి. మీ కారు వెనక చక్రాలకు స్ప్రింగు వేరు, షాకు వేరు. అక్కడ ఏ కిట్ వేసినా స్ప్రింగు కింద ఎత్తు మార్చే రింగు వస్తుందంతే, షాకు మీద స్ప్రింగు చుట్టి ఉండే అసలైన కాయిల్‌ఓవర్ ముందు రెండు చక్రాలకే.

ఈ సర్దుబాటును నిజంగా వాడుకునేది ఎవరు? ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు. అక్కడ ఒక ఎత్తు, ఇంటికొచ్చాక ఒక ఎత్తు పెట్టుకుంటారు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి పేరున్న రేస్ ట్రాక్ మనకు చాలా దూరం. పైగా మామూలు కారు బీమా రేసులకు, స్పీడ్ టెస్టులకు వర్తించదు. మీ ఉత్తరంలో ట్రాక్ ప్రస్తావనే లేదు. రోడ్డు మీద తిరిగేవాళ్లు మొదటి నెలలో రెండుసార్లు ఎత్తు మార్చి, తర్వాత దాని జోలికే పోరు. ఎత్తు మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంట్ చేయించాలి, హెడ్‌లైట్ల కోణం చూసుకోవాలి. మన దుమ్ముకూ వానల బురదకూ ఆ మరలు పట్టేస్తాయి, అప్పుడప్పుడూ కడిగి తుడిచి స్ప్రే కొట్టే ఓపిక ఉండాలి. ఆ ఓపిక లేకపోతే రెండేళ్ల తర్వాత రింగు తిరగదు. తిరగని కాయిల్‌ఓవర్‌కు మీరు చెల్లించిన అదనపు 41 వేలు పోయినట్టే.

మీ దారి నాకు తెలిసిందే. గుంటూరు దాటాక కాజ టోల్, మంగళగిరి, వారధి మీదుగా బెంజ్ సర్కిల్ దాకా హైవే బాగానే ఉంటుంది. కష్టమంతా రెండు చివర్ల ఉన్న వీధుల్లో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసినవి ఇంకా నిటారుగా ఉంటాయి. మీ పోలోకు నేలకూ అడుగుకూ మధ్య ఉన్నది సుమారు 165 మిల్లీమీటర్లు. 35 మిల్లీమీటర్లు దించితే 130 మిగులుతుంది. వెనక సీట్లో అమ్మానాన్న, డిక్కీలో సామాను ఉంటే ఇంకా తగ్గుతుంది. రోజూ ముందు బంపర్ కింద గీసుకుపోతుంటే ఆ టెన్షన్‌తో డ్రైవింగ్‌లో సంతోషమే మిగలదు. దించాలనుకుంటే 20 నుంచి 25 మిల్లీమీటర్లు దాటొద్దు.

నాన్నగారి నడుం మాటకొస్తే, దించిన కారు ఏదైనా మామూలు కారు కంటే గట్టిగానే ఉంటుంది. నాబ్ తిప్పి కాయిల్‌ఓవర్‌ను మెత్తగా చేసుకోవచ్చని షాపులో చెబుతారు. నాబ్‌తో మారేది షాకు బిగువు మాత్రమే, స్ప్రింగు గట్టితనం మారదు. కొనేముందు అదే కిట్ వేసిన కారును వెతికి, నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి బ్రాడీపేట వీధుల్లో ఒక్క చుట్టు తిప్పండి. ఆయన మాటే ఆఖరి మాట కావాలి.

డబ్బు సంగతికి వద్దాం. 46 వేలు 16 శాతం వడ్డీకి ఏడాది ఈఎంఐ పెడితే నెలకు 4,170 దాకా కట్టాలి. వడ్డీ నాలుగు వేల పైచిలుకు, దాని మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపి అయిదు వేలు దాటుతుంది. ఇది మిమ్మల్ని ముంచేంత మొత్తం కాదు. నాకు భయం వేసేది మిగతా రెండింటి గురించి. ఒకటి, సిప్ ఆపడం. ఏడాదికి 96 వేలు. అది 20 ఏళ్లు ఉండి, ఏటా సగటున 10 శాతం పెరిగితే ఆరున్నర లక్షలకు దగ్గరవుతుంది. మార్కెట్‌లో గ్యారంటీ ఏమీ లేదు, కానీ ఆపేసిన సిప్ మళ్లీ మొదలుపెట్టడం చాలామంది వల్ల కావడం లేదని రోజూ చూస్తున్నాను. రెండోది, మీ అత్యవసర నిధి. నెలకు 45 వేలు ఖర్చున్న ఇంటికి మూడు నెలలకైనా 1,35,000 ఉండాలి. మీ దగ్గర 80 వేలే ఉన్నాయి, ఇంకా 55 వేలు తక్కువ. పెద్దవాళ్లున్న ఇల్లు. ఆ సమయంలో కార్డు బిల్లు ఒక నెల కట్టలేకపోతే, బకాయి మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడే కార్డులు చాలా ఉన్నాయి. అప్పుడు అయిదు వేల వడ్డీ లెక్క మారిపోతుంది.

నా సలహా ఇది. ఈ దసరాకు కారును దించకండి. షాకులు పోయాయని మెకానిక్ చెబితే, బోనస్‌లోంచి కంపెనీ రకం షాకులు, మౌంటింగులు, బంప్ స్టాపర్లు అన్నీ కొత్తవి వేయించండి. షాకులు 22 వేలు, మిగతావి 8 వేలు, బిగింపు 5 వేలు, మొత్తం 35 వేల దగ్గర అవుతుంది. ఉత్త స్ప్రింగులకు పెడదామనుకున్నదానికి మూడు వేలే ఎక్కువ. దీన్ని నేను సరదా ఖర్చు కింద రాయను. బ్రేక్ వేసినప్పుడు టైరు రోడ్డును వదలకుండా పట్టుకునేది షాకు వల్లే, ఇది భద్రత ఖర్చు. మీరు కోరుకుంటున్న ‘మలుపుల్లో కుదురు’లో చాలా భాగం ఇక్కడే తిరిగొస్తుందని నా నమ్మకం. బోనస్‌లో మిగిలిన 25 వేలు అత్యవసర నిధిలో వేయండి. సిప్ పోను నెలకు 9 వేలు మిగులుతోంది కదా, అందులో 5 వేలు ఆరు నెలలపాటు అదే నిధికి పంపితే 1,35,000 పూర్తవుతుంది.

ఏడో నెల నుంచి అదే 5 వేలు కారు పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఇంకో ఆరు ఏడు నెలల్లో స్ప్రింగుల సెట్టు, బిగింపు ఖర్చు చేతిలో ఉంటుంది, అప్పు ఉండదు. అప్పటికి కూడా కోరిక అలాగే ఉంటే 20, 25 మిల్లీమీటర్లు మాత్రమే దించే సెట్టు తీసుకోండి. అంత కొద్దిగా దించితే కంపెనీ షాకులు కూడా తట్టుకుంటాయి. లేబర్ రెండుసార్లు కట్టాలి కదా అంటారా? నిజమే, 5 వేలు అదనం. కొత్త షాకులతో ఏడాది తిరిగాక మీకు దించాలన్న అవసరమే కనిపించకపోవచ్చు, అప్పుడు 27 వేలు మిగులుతాయి. ఆ అవకాశం కోసం 5 వేలు పెట్టడం నాకు సమ్మతమే. మరోపక్క ఈలోగా మీకు ట్రాక్ మీదికి వెళ్లే స్నేహితులు దొరికి, ఏడాదికి మూడు నాలుగు సార్లు మీరూ వెళ్లడం మొదలుపెడితే, అప్పుడు కాయిల్‌ఓవర్లకు నేనే సరే అంటాను. అదే రికరింగ్ డిపాజిట్ ఇంకొన్నాళ్లు నడపండి.

చట్టం, బీమా సంగతి తేల్చుకోకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మీరు వేయించబోయే సెట్టు వివరాలు రవాణా శాఖ కార్యాలయంలో చూపించి, అనుమతి అవసరమా అని ముందే అడగండి. కారును దించడానికి వీల్లేదంటే ఆ కోరిక అక్కడితో ఆపేయండి.

బీమా కంపెనీకి ఈమెయిల్ రాసి, పాలసీలో ఆ మార్పు నమోదు చేయించుకోండి. నోటి మాట చాలదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు ఎన్ని కార్లు మునిగాయో మనమంతా చూశాం. క్లెయిమ్ పెట్టిన రోజు సర్వేయర్ కారు కిందికి చూస్తాడు, చెప్పని మార్పు కనిపిస్తే వాదన మొదలవుతుంది. స్ప్రింగుల కోసం లక్షల క్లెయిమ్‌ను ప్రమాదంలో పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు, మీ మోడల్‌కు సరిపడే పార్ట్ నంబరు, వారంటీ కాగితం మూడూ తీసుకోండి. ఐబాక్, హెచ్ అండ్ ఆర్, టైన్ లాంటి పేర్లతో నకిలీలు కూడా అమ్ముతారు గనక అధీకృత డీలరేనా అని కంపెనీని అడిగి నిర్ధారించుకోండి. విదేశం నుంచి తెప్పిస్తామంటే కస్టమ్స్ సుంకం ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి. విప్పిన పాత స్ప్రింగులు షాపులో వదలకుండా ఇంటికి తెచ్చుకుని అట్టపెట్టెలో దాచండి. కారు అమ్మే రోజున కొనేవాళ్లు లోయరింగ్ స్ప్రింగులకు పైసా ఎక్కువ ఇవ్వరు. పాతవి తిరిగి బిగించి కారు అమ్మి, లోయరింగ్ సెట్టును విడిగా అమ్ముకుంటే పెట్టినదాంట్లో కొంతైనా వస్తుంది.