పసిపాపకు ఊచల మంచాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చా?

చెక్కపని తెలిసినవారు పసిపాపకు ఊచల మంచాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే అందం కంటే ముందు కొలతలు చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఊచల మధ్య సందు. అమెరికా భద్రతా నియమాల ప్రకారం అది సుమారు 6 సెంటీమీటర్లకు మించకూడదు, ఎందుకంటే అంతకంటే వెడల్పైన సందులోంచి పాప ఒళ్లు జారిపోయి, తల మాత్రం ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. 6 సెంటీమీటర్ల మందం గల చెక్కముక్కను దగ్గర పెట్టుకుని ప్రతి సందు దగ్గరా ఆనించి చూడాలి. అది ఎక్కడైనా దూరిపోతే ఆ ఊచను మళ్లీ అమర్చాలి. ఊచలను మేకులతో కొట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. పైకమ్మీలోనూ కిందికమ్మీలోనూ గూళ్లు తొలిచి, ఊచల కొసలను వాటిలో బిగుతుగా దించి జిగురుతో అతికిస్తే, పాప పట్టుకుని ఊపినా అవి తేలిగ్గా వదులు కావు.

కిందికి జారే పక్కభాగం మాత్రం అసలు పెట్టవద్దు. పసిపిల్లల మరణాల తరువాత అమెరికాలో 2011లో అటువంటి మంచాల తయారీని, అమ్మకాన్ని నిషేధించారు. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండరాదు. పాప కూర్చోవడం మొదలుపెట్టేసరికి పరుపును కిందికి దించగలిగేలా బోల్టులకు రెండు ఎత్తుల్లో రంధ్రాలు వేసుకోవాలి. అలా దించినప్పుడు పరుపు కింది పలక నుంచి పైకమ్మీ వరకు కనీసం 66 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి.

కలపకు బాగా ఆరిన టేకు మేలు. పాత తలుపుల నుంచి తీసిన రంగు చెక్కను వాడకూడదు. పళ్లు వచ్చే వయసులో పిల్లలు కమ్మీని కొరుకుతారు, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు.