టెక్ సందేహాలు: రెపో2డాకర్‌కి మన సొంత ఫైల్ అలవాటు చెయ్యాలంటే ఫోర్క్ చెయ్యాలా?

ప్రశ్న (రాజాం నుంచి ఒక ఎంటెక్ విద్యార్థి): మా ల్యాబ్‌లో అందరం రెపో2డాకర్‌తోనే ఇమేజ్‌లు కడతాం సర్. ప్రతి రెపోలో ల్యాబ్ డాట్ లిస్ట్ అని ఒక ఫైల్ ఉంటాది, కావాల్సిన పైథాన్ ప్యాకేజీలన్నీ అందులోనే. రెపో2డాకర్ దాన్ని అసలు చూడట్లేదు. సోర్స్ కోడ్ ఫోర్క్ చేసి మార్చేద్దాం అంటున్నారు సీనియర్లు. ఏటి చెయ్యమంటారు?

ఫోర్క్, అంటే అసలు కోడ్ కాపీ తీసుకుని విడిగా మనమే మార్చుకుంటూ పోవడం, అది మాత్రం వద్దు తమ్ముడూ. ఇవాళ పని అయిపోతుంది గానీ రేపట్నుంచి అసలు ప్రాజెక్ట్‌లో వచ్చే ప్రతి మార్పూ మీరే తెచ్చి కలుపుకోవాలి, నీ కోర్సు అయిపోయాక ల్యాబ్‌లో ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రెపో2డాకర్ జూపిటర్ వాళ్లది, గిట్ రెపో అడ్రస్ ఇస్తే లోపలున్న ఫైళ్లు చూసి, డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) మనం రాయకుండానే కంటైనర్ ఇమేజ్, అంటే కోడ్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపిన మూట, కట్టేస్తుంది. ఎవరి రెపోనైనా బ్రౌజర్‌లోనే నడిపి చూపించే మైబైండర్ సైట్ వెనక నడిచేది కూడా ఇదే. రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ ఉంటే పైథాన్, ఎన్విరాన్‌మెంట్ డాట్ వైఎంఎల్ ఉంటే కోండా అనే ప్యాకేజ్ మేనేజర్, ఇలా ఒక్కో రకానికి ఒక్కో బిల్డ్‌ప్యాక్ (ఆ రకం రెపోని ఎలా కట్టాలో తెలిసిన కోడ్ ముక్క) ఉంటుంది, వాటిని వరసగా అడుగుతూ పోయి ముందు ఎవరు "ఇది నాది" అంటే ఆ బిల్డ్‌ప్యాక్‌తో కట్టేస్తుంది.

ఇప్పుడు నీ విషయం. మీ లిస్ట్ ఫైల్ పిప్‌కి (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) అర్థమయ్యే పద్ధతిలోనే ఉంటే అసలు కోడే రాయక్కర్లేదు. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఒకటి పెట్టి అందులో డ్యాష్ ఆర్, పక్కన మీ ఫైల్ పేరు, ఆ ఒక్క లైన్ చాలు. వేరే పద్ధతిలో ఉంటే పోస్ట్‌బిల్డ్ అని, ఇమేజ్ కట్టే చివర్లో నడిచే స్క్రిప్ట్ పెట్టి అందులోంచి చదివించు. ఈ రెండు దార్లూ మైబైండర్‌లో కూడా పనిచేస్తాయి, నాకు ఇదే ముఖ్యం. ఎందుకంటే సొంత బిల్డ్‌ప్యాక్ రాస్తే అది మీ మెషిన్లలోనే ఉంటుంది, మైబైండర్ వాళ్ల సర్వర్‌కి దాని సంగతి తెలీదు, మీ పేపర్ చదివినవాళ్లు మీ రెపో తీసుకుని కడితే ప్యాకేజీలు లేకుండానే వస్తుంది. పరిశోధన కోడ్ అందరి దగ్గరా నడవాలనే కదా ఈ టూల్ పుట్టిందే.

అయినా బిల్డ్‌ప్యాకే కావాలంటే, అంటే రెపో2డాకర్‌కి అసలు తెలియని భాషో ప్యాకేజ్ మేనేజరో వాడుతున్నారనుకో, అప్పుడు రాయొచ్చు, నిజానికి సరదా పని. పైథాన్‌లో చిన్న క్లాస్ అంతే, పైథాన్ బిల్డ్‌ప్యాక్‌నో కోండా బిల్డ్‌ప్యాక్‌నో వారసత్వంగా తీసుకో. డిటెక్ట్ అనే మెథడ్‌లో మీ ఫైల్ ఉంటే ట్రూ ఇవ్వాలి. ఇక్కడ ఫైల్ కోసం నేరుగా వెతక్కు, బైండర్ పాత్ అనే మెథడ్ ద్వారా వెతుకు, ఎందుకంటే రెపోలో బైండర్ అనే ఫోల్డర్ ఉంటే కాన్ఫిగ్ ఫైళ్లు అందులోవే లెక్క, బయటవి లెక్కలోకి రావు, చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు.

తర్వాత బిల్డ్ స్క్రిప్ట్స్, అసెంబుల్ స్క్రిప్ట్స్ అని రెండుంటాయి, తేడా బాగా పట్టుకో. బిల్డ్ స్క్రిప్ట్స్ మీ రెపో ఫైళ్లు ఇమేజ్‌లోకి కాపీ అవ్వకముందే నడుస్తాయి, అసెంబుల్‌వి కాపీ అయ్యాక. పెద్ద పెద్ద ఇన్‌స్టాల్‌లు అసెంబుల్‌లో పెట్టావంటే రీడ్‌మీలో అక్షరం మార్చినా డాకర్ ముందు కట్టి దాచుకున్నది (కాష్) పోయి అంతా మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది, మన దగ్గర నెట్ సంగతి నీకు తెలుసు. ప్యాకేజీల లిస్ట్ ఒక్కటే ముందు కాపీ చేసుకోడానికి ప్రీఅసెంబుల్ మెథడ్స్ ఉన్నాయి, పైథాన్ బిల్డ్‌ప్యాక్ వాడేది అవే, దాని కోడ్ చదివి అలాగే రాయి. ఇంకో మాట, ఈ స్క్రిప్ట్స్ ఇచ్చే ప్రతి మెథడ్‌లోనూ సూపర్‌ని పిలిచి వచ్చినదానికి నీది కలపాలి, లేకపోతే నువ్వు వారసత్వంగా తీసుకున్న క్లాస్ చేసిన పనంతా పోతుంది.

చివరికి రెపో2డాకర్ సొంత కాన్ఫిగ్ ఫైల్‌లో బిల్డ్‌ప్యాక్స్ లిస్ట్ ఇచ్చి నీ క్లాస్‌ని మొదట పెట్టు. కానీ మొదట పెడితే డాకర్‌ఫైల్ ఉన్న రెపోలని కూడా నీదే లాగేసుకుంటుంది, మామూలుగా అయితే డాకర్‌ఫైల్‌దే పైచెయ్యి, కాబట్టి అది ఉంటే ఫాల్స్ ఇచ్చేలా డిటెక్ట్‌లోనే చూసుకో. నో రన్, డీబగ్ రెండు ఆప్షన్లూ ఇచ్చి నడిపితే ఇమేజ్ కట్టి ఆగుతుంది, ఏం జరిగిందో లాగ్‌లో కనపడుతుంది.

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక డిగ్రీ లెక్చరర్): జిల్లాల వర్షపాతం గ్రాఫ్‌లో తెలుగు పేర్లు పెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో వస్తున్నాయి, రెపో2డాకర్ కట్టిన ఇమేజ్‌లో అన్నీ డబ్బాలే. టూల్‌ని మార్చాలా?

అక్కర్లేదు మేడమ్. ఇమేజ్‌లో తెలుగు ఫాంట్ లేదంతే. రెపోలో ఏపీటీ డాట్ టీఎక్స్‌టీ అని ఫైల్ పెట్టి అందులో ఫాంట్స్ లోహిత్ తెలుగు ప్యాకేజీ పేరు రాయండి, మాటల మధ్య హైఫన్‌లు, తెలుగు దగ్గర టీఈఎల్‌యూ అనే నాలుగక్షరాలే. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి (పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే లైబ్రరీ) ఆ ఫాంట్ వాడమని కోడ్‌లో చెప్పండి. డబ్బాలు పోతాయి గానీ శ్రీకాకుళంలో "శ్రీ" విడిపోయి కనపడొచ్చు, మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇన్నాళ్లూ వత్తుల్ని సరిగ్గా కలపలేదు, అది ఫాంట్ తప్పు కాదు. ఎస్‌వీజీగా సేవ్ చేసి, ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ సెట్టింగ్‌ని నన్ అని పెడితే అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, చూసేవాళ్ల బ్రౌజర్ వాటిని సరిగ్గా కలిపి చూపిస్తుంది. పిల్లలకి తెలుగులో గ్రాఫ్‌లు చూపిస్తున్నందుకు సంతోషం, ఆపకండి.

ప్రశ్న (శ్రీకాకుళం): మా కాలేజీ సర్వర్‌లో డాకర్ పెట్టనివ్వరు, దాని బదులు వాడే పాడ్‌మన్ ఉంది. ఎలా?

రెపో2పాడ్‌మన్ అని ఎక్స్‌టెన్షన్ ఉంది, పిప్‌తో వేసుకుని కమాండ్‌లో ఇంజిన్ పాడ్‌మన్ అని ఇవ్వండి చాలు. కంటైనర్ ఇంజిన్‌ని మార్చుకునే వీలు రెపో2డాకర్‌లోనే పెట్టారు, దీనికీ ఫోర్క్ అవసరం లేదు.