బాయింక్ (ఇంటి కంప్యూటర్ ఖాళీ శక్తిని సైన్స్ ప్రాజెక్టుల లెక్కలకు వాడే ప్రోగ్రాము) పెట్టాక ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది, టాస్కులు (ప్రాజెక్టు పంపే లెక్కల ముక్కలు) ఎర్రర్‌తో పోతున్నాయి. ఏ సెట్టింగులు మార్చాలి?

మీరు చెప్పిన వివరాలు ఇవీ: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒక్కో కోర్ ఒకేసారి నడపగల రెండేసి పనుల వరుసలు), 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, విండోస్. రోసెట్టా (ప్రొటీన్ల ఆకారాల లెక్కలు), ఐన్‌స్టీన్ (అంతరిక్ష సంకేతాల వెతుకులాట) ప్రాజెక్టుల్లో చేరారు. సీపీయూ టైమ్ 60 శాతానికి తగ్గించినా ఫ్యాన్ మోత ఆగట్లేదు, కొన్ని టాస్కులు "కంప్యుటేషన్ ఎర్రర్" అని ఆగిపోతున్నాయి.

ముందు ఆ 60 శాతం సంగతి. కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో రెండు శాతాలు పక్కపక్కనే ఉంటాయి: ఎన్ని సీపీయూలు వాడాలి, ఎంత సీపీయూ టైమ్ వాడాలి. చాలామంది రెండోదాన్ని తగ్గిస్తారు. దానివల్ల ప్రాసెసర్ నెమ్మదించదు. అన్ని థ్రెడ్లూ పూర్తి జోరుతో కాసేపు నడుస్తాయి, కాసేపు ఆగుతాయి, మళ్లీ నడుస్తాయి. ఉష్ణోగ్రత గ్రాఫు తెరిచి చూడండి, రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఫ్యాన్ కూడా దాని వెంటే హెచ్చుతగ్గులవుతుంది. అందుకే సీపీయూ టైమ్‌ను 100కి తెచ్చేసి, సీపీయూల శాతాన్ని 50 చేయండి. ఎనిమిది థ్రెడ్లలో నాలుగే నడుస్తాయి. పని సగానికి పడిపోతుందని బెంగ వద్దు. ఒకే కోర్‌లోని రెండో థ్రెడ్ అదనంగా ఇచ్చేది ఎలాగూ తక్కువే.

ఇంకో మార్పుతో వేడి బాగా దిగుతుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగులకు వెళ్లి "మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్"ను 100 నుంచి 99కి తగ్గించండి. ఆ ఒక్క శాతంతో చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో (ప్రాసెసర్ తనంతట తానే మామూలు కంటే వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది. టర్బోలో చివరి కొద్దిపాటి వేగం కోసం ప్రాసెసర్ వోల్టేజీ పెంచుకుంటుంది. వాడే పవర్ వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, ఆ కాస్త వేగానికి చెల్లించే వేడి చాలా ఎక్కువ. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ సెట్టింగు కనిపించదు, అప్పుడు థ్రెడ్లు తగ్గించడమే మార్గం. గంటల తరబడి నడిచే లోడుకు 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 95 దగ్గరకు వెళ్తుంటే ముందు ఫ్యాన్ జాలీలో దుమ్ము తీయండి.

ఇక ఎర్రర్లు. ఇక్కడ తొందరపడి బాయింక్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ప్రాజెక్టు సైటులో మీ అకౌంట్‌కి వెళ్లి, పోయిన టాస్కు పక్కనున్న వర్క్‌యూనిట్ నంబరు నొక్కండి. అదే పని అందుకున్న మిగతా కంప్యూటర్ల ఫలితాలు కనిపిస్తాయి. వాళ్లవీ ఎర్రరైతే ఆ వర్క్‌యూనిట్టే చెడ్డది, మీరు చేయాల్సిందేమీ లేదు. వాళ్లు సజావుగా ముగించి, మీది మాత్రమే పోతుంటే లోపం మీ వైపు ఉంది. అప్పుడు ఈ వరుసలో చూడండి: మొదట యాంటీవైరస్ (బాయింక్ డేటా ఫోల్డర్‌లోని ప్రోగ్రామును తీసేసి ఉంటుంది, సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా లోపలి బాయింక్ ఫోల్డర్‌కు మినహాయింపు ఇవ్వండి), తర్వాత డిస్కులో ఖాళీ, ఆ తర్వాత ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం దాటి నడపడం), చివరికి ర్యామ్. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్ అనే పరీక్ష ప్రోగ్రాముతో ఒక రాత్రంతా పరీక్షించండి. రోజువారీ బ్రౌజింగ్‌లో బయటపడని ర్యామ్ లోపాలు ఇలాంటి లెక్కల్లో బయటపడతాయి.

ఎర్రర్ చూపించి ఆగిన టాస్కు కంటే, తప్పు జవాబు పట్టుకొని హాయిగా ముగిసిన టాస్కు ప్రమాదకరం. ఐన్‌స్టీన్ వంటి ప్రాజెక్టులు ఒకే పనిని ఇద్దరికి పంపి జవాబులు సరిపోల్చేది అందుకే. 2010లో ఆ ప్రాజెక్టు వాలంటీర్ల ఇంటి కంప్యూటర్లు అరెసిబో టెలిస్కోపు డేటాలో కొత్త పల్సార్‌ను (వేగంగా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాన్ని) కనిపెట్టాయి. అలాంటి సంకేతం మీ మెషిన్ మీదుగా వెళ్లినప్పుడు లెక్క సరిగ్గా ఉండాలి కదా.

ర్యామ్ విషయంలో: రోసెట్టా టాస్కులు ఒక్కొక్కటి 1 జీబీ పైనే తీసుకోగలవు. మీరు కంప్యూటర్ వాడుతున్నప్పుడు బాయింక్‌కు డిఫాల్ట్‌గా దొరికేది సగం ర్యామ్, అంటే 8 జీబీ. "వెయిటింగ్ ఫర్ మెమరీ" అని కనిపిస్తే అది లోపం కాదు, ఆ హద్దు తగిలిందని అర్థం. నాలుగు థ్రెడ్లకు తగ్గించాక ఈ గొడవ దాదాపు ఉండదు.

టాస్కులు మధ్యలో ఆపితే జరిగేది కూడా తెలిసి ఉండాలి. టాస్కును ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కితే, చివరి చెక్‌పాయింట్ (అప్పటిదాకా చేసిన పని సేవ్ అయిన చోటు) తర్వాత ఎంత సీపీయూ టైమ్ గడిచిందో ఉంటుంది. అక్కడ 40 నిమిషాలు ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే ఆ 40 నిమిషాల పనీ గాల్లో కలిసినట్టే. తరచూ పాజ్ అవుతుంటే "లీవ్ నాన్-జీపీయూ టాస్క్స్ ఇన్ మెమరీ" టిక్ చేయండి. షట్‌డౌన్‌కు ఇది పనికిరాదు, పాజ్‌కు మాత్రమే.

పని నిల్వ (ముందుగా తెచ్చి ఉంచుకునే టాస్కులు) తక్కువగా ఉంచండి: కనీసం 0.1 రోజు, అదనంగా 0.5 రోజు చాలు. పది రోజుల నిల్వ పెట్టుకుని రోజుకు మూడు గంటలే నడిపితే గడువు దాటుతుంది. ఆ పనిని సర్వర్ వేరొకరికి పంపేస్తుంది, మీరు వాడిన కరెంటు వృథా. అన్నట్టు, ప్రాజెక్టు సైటులో మార్చిన సెట్టింగులు పనిచేయట్లేదంటే, బాయింక్ మేనేజర్‌లో ఎప్పుడో పెట్టిన లోకల్ సెట్టింగులు వాటిని తోసిపుచ్చుతున్నాయన్నమాట.

కరెంటు లెక్క మీరే వేసుకోవచ్చు. లోడు వల్ల అదనంగా 60 వాట్లు పడితే, 24 గంటలకు 1.44 యూనిట్లు, 30 రోజులకు 43 యూనిట్లు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు బాయింక్ నడవకుండా ఆపే టిక్ కూడా పెట్టండి.

మూడో ప్రాజెక్టుగా సెటీ ఎట్ హోమ్ (గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికేది) అడిగారు. అది 2020 మార్చి 31తో కొత్త పని పంపడం ఆపేసింది. ఫోల్డింగ్ ఎట్ హోమ్ (ప్రొటీన్ల మీద ఇలాంటి లెక్కలే చేసే మరో ప్రాజెక్టు) నడుస్తోంది కానీ బాయింక్‌లో ఉండదు, దాని సాఫ్ట్‌వేర్ వేరు. రెండూ ఒకేసారి నడిపితే అవే కోర్ల కోసం పోటీ పడతాయి.

ఎప్పుడైనా ఒక ప్రాజెక్టు మానేయాలనుకుంటే నేరుగా తీసేయకండి. ముందు "నో న్యూ టాస్క్స్" నొక్కి, చేతిలో ఉన్నవి ముగియనివ్వండి. తర్వాత "అప్‌డేట్" నొక్కి, టాస్కుల జాబితా ఖాళీ అయిందని చూసుకున్నాకే రిమూవ్ చేయండి. లేకపోతే ఆ పనులు గడువు తీరేదాకా మీ పేరు మీదే ఉండిపోతాయి, మీ జవాబుతో సరిపోల్చాల్సిన అవతలి వాలంటీరు ఫలితం అన్ని రోజులూ పెండింగ్‌లోనే ఉంటుంది.