యూదుల ఘెట్టోల్లో ఒక్కో గదిలో అంతమంది ఎలా బతికారు?

"మన ఉమ్మడి కుటుంబాల్లోనూ ఒకే గదిలో పదిమంది పడుకునేవారు కదా, ఘెట్టోలో అంతకన్నా కష్టం ఏముంది?" అని ఒకరు అడిగారు. ఘెట్టో అంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు యూదులను నిర్బంధించిన పేట. నేను పెరిగింది అలాంటి ఉమ్మడి కుటుంబంలోనే. రెండు గదులు, పదకొండుమందిమి. పోలండ్ రాజధాని వార్సాలో చదువుకునేటప్పుడు సియెన్నా వీధిలో, ఇళ్ల వెనక పెరట్లో మిగిలిన ఘెట్టో గోడ ముక్కను చూసేదాకా నాకూ ఇదే అనుమానం ఉండేది.

దాదాపు మూడు మీటర్ల ఎత్తున్న ఇటుక గోడ అది. 1940 నవంబరు 16న నాజీలు లోపలివాళ్లు బయటికి రాకుండా ఘెట్టోను మూసేశారు. నగర జనాభాలో సుమారు 30 శాతం మందిని 2.4 శాతం స్థలంలోకి నెట్టారు. లోపల 4 లక్షల పైచిలుకు జనం, సగటున గదికి ఏడుగురు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తరిమి తెచ్చినవాళ్లు ఇంకా ఇరుకులో ఉండేవారు.

మా ఇంట్లో ఎంత ఇరుకైనా అందరం సొంతవాళ్లమే. పొద్దున్నే పెద్దవాళ్లు పనికి, మేం బడికి వెళ్తే ఇల్లు ఖాళీ అయ్యేది. ఎండాకాలం డాబా ఎక్కి పడుకునేవాళ్లం. ఘెట్టోలో ముక్కూమొహం తెలియని కుటుంబాలు ఒకే వాటాలో సర్దుకోవాలి. డాబా మాట అటుంచండి, 1941 అక్టోబరు నుంచి అనుమతి లేకుండా గోడ దాటితే మరణశిక్షే.

ఆ ఇరుకే మనుషుల్ని చంపింది. 1941లో యూదులకిచ్చిన రేషన్ రోజుకు సుమారు 184 కేలరీలు, అంటే మూడు నాలుగు ఇడ్లీలపాటి. చలికాలంలో బొగ్గు లేదు, పైపుల్లో నీళ్లు గడ్డకట్టేవి. స్నానం లేక, బట్టలు ఉతుక్కునే వీలు లేక పేలు పట్టేవి. పేల నుంచి టైఫస్ (మనకు తెలిసిన టైఫాయిడ్ కాదు, వేరే జబ్బు). ఒకరికి వస్తే గదంతటికీ అంటుకునేది. ఈ పరిస్థితి తెచ్చిపెట్టిన నాజీలే "యూదులు రోగాలు వ్యాపింపజేస్తారు" అని ప్రచారం చేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 1942 మధ్య నాటికి ఆకలితో, జబ్బులతో చనిపోయినవాళ్లే సుమారు 83 వేలమంది. ఆ జులై 22 నుంచి రెండు నెలల్లో దాదాపు 2,65,000 మందిని రైళ్లలో ట్రెబ్లింకా అనే నాజీ హత్యా శిబిరానికి పంపి చంపేశారు.

ఇదంతా మనకు తెలియడానికి ఒక ముఖ్య కారణం ఘెట్టోలోనే ఉన్న చరిత్రకారుడు ఎమాన్యుయెల్ రింగెల్‌బ్లమ్ బృందం. ఆ గదుల్లోనే కూర్చుని డైరీలు, రేషన్ కార్డులు, ఉత్తరాలు పోగుచేసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి నేలలో పాతిపెట్టారు. కొన్ని 1946లో, కొన్ని 1950లో దొరికాయి. వార్సాలోని యూదు చరిత్ర సంస్థలో అలాంటి ఒక క్యాను చూశాను. మా ఇంటికి పాలు తెచ్చే ఆయన సైకిల్‌కి వేలాడే క్యానులాంటిదే.